తిప్పకూడని సీసాలు

ఒకటో రోజు

బండి నంబరు: పదకొండు. ఇంజన్ నూనె: గీత దాకా ఉంది. బెల్టు: కొత్తది. ఊదుడుపెట్టె: ఉంది. లోపాలు: లేవు.

ఇలా రాయమని డిపోలో బండ్లు బాగుచేసే గవరయ్య మేస్త్రి చెప్పాడు, రాశాను. పేజీలో ఇంకా చాలా చోటు మిగిలింది. ఖాళీ వదిలితే బండికి మంచిది కాదట. అందుకని నాకొచ్చింది రాస్తాను. నేను మూడో తరగతి దాకా చదివాను. తప్పులుంటే ఉంటాయి. ఎలాగూ ఎవరూ చదవరు. వారానికోసారి ఆఫీసులో పేజీ చివర స్టాంపు కొడతారు, అంతే.

నా పేరు తవిటమ్మ. ఈ బండి నడిపింది నా కూతురు అసిరి. ముప్పై ఒకటో మలుపులో చచ్చిపోయింది. పదమూడు రోజులైంది.

డ్రైవరు చచ్చిపోతే బండికి మైల అంటారు మా డిపోలో. ఆ ఇంటి మనిషి నలభై రోజులు బండి కడగాలి, పుస్తకం రాయాలి. నలభయ్యో రోజు తాళం తీసుకెళ్ళి కొత్త డ్రైవరు చేతిలో పెట్టాలి. అప్పుడు మైల పోతుందట. నా కూతురికి వచ్చే మంచినీళ్ళ వంతు అప్పుడు నా పేరు మీద రాస్తారు. రోజుకి రెండు బిందెలు. కాదంటే ఉప్పునీళ్ళే.

బండి నా కూతుర్ని చంపింది, మైల మాత్రం బండికట. ఈ మాట రాస్తుంటే నోట్లో ఉమ్మి ఊరుతోంది.

రెండో రోజు

నూనె: సరే. బెల్టు: సరే. లోపాలు: లేవు.

చేప కొవ్వు నూనె కంపు గురించి రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు. ఉంటే రోజూ అదే రాసేదాన్ని. టాంకు అడుగున కొవ్వు పేరుకుని పచ్చగా, మెత్తగా, పుండు మీద కట్టు విప్పినట్టు ఉంటుంది. దాన్ని చేత్తో గీకి తియ్యాలి. ఈగలు నా కళ్ళ మీదే వాలతాయి. ఇంటికెళ్ళి గంజి ముందు కూచుంటే గంజి కూడా అదే వాసన.

ఈ చేప కొవ్వుకి బలం లేదు. ఊరికే కాలిస్తే ఖాళీ బండి కూడా కొండెక్కదు. అందుకే ఇంజన్ నెత్తిన ఊదుడుపెట్టె ఉంటుంది. ఇంజనే బెల్టుతో దాన్ని తిప్పుతుంది. పెట్టె లోపల రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతూ గాలిని ఇంజన్ గొంతులోకి కుక్కుతాయి. అసిరి ఇలా చెప్పేది: "సిన్నప్పుడు నా ముక్కు మూసి ఆముదం పోసీదానివి సూడు, అలగన్నమాట."

అలా కుక్కితే ఆరువేల లీటర్ల నీళ్ళతో నలభై ఒక్క మలుపులు ఎక్కుతుంది. కింద ఉప్పు తీసిన నీళ్ళు పైన ఊళ్ళకి చేరతాయి. అక్కడ ఎండ తక్కువ, నీళ్ళు లేవు. ఇక్కడ సముద్రం ఉంది, నీడ లేదు.

ఈ ఇంజన్‌కి నలభై నాలుగేళ్ళు. అసిరికి ఇరవై ఆరు. ఇంజన్లు చేసే ఊళ్ళు నీళ్ళ కింద ఉన్నాయి కాబట్టి కొత్తవి రావు. మనుషులు పుడుతూనే ఉంటారు. అందుకని డిపోలో దేన్ని జాగ్రత్తగా చూడాలో అందరికీ తెలుసు.

ఐదో రోజు

నూనె: సరే. బెల్టు: సరే. లోపాలు: లేవు.

డిపో పెద్ద కూర్మారావు బాబు వచ్చాడు. బుగ్గలో కిళ్ళీ.

"తవిటమ్మా, ఎలా ఉంది?"

"ఏదో ఉన్నాను బాబూ."

"నీ సంగతి కాదు. ఇంజన్."

బాగుందని చెప్పాను. "అదృష్టం" అన్నాడు. "అంత వెనక్కి దొర్లినా ఇంజన్‌కి గీత పడలేదు. నీ కూతురు చివర్లో కొండ వైపు తిప్పింది చూడు, అది మాత్రం మెచ్చుకోవాలి. లోయ వైపు తిప్పుంటే బండి పోయేది."

కొండ వైపు తిప్పింది కాబట్టి బండి అటే తిరగబడి, నా కూతురు కూచున్న వైపు నలిగిపోయింది. ఆ రేకు ఇప్పటికే సాపు చేసేశారు. బాబు కిళ్ళీ ఉమ్మాడు. నేను అప్పుడే కడిగిన చక్రం మీద పడింది. మళ్ళీ కడిగాను.

ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. 'మలుపులో గేరు మార్చుటచే ఇంజన్ ఆగినది. బ్రేకుకు గాలి అందలేదు. డ్రైవరు తప్పు.' ముప్పై ఒకటో మలుపులో గేరు మార్చకూడదని, బండి ఎక్కని నాకే తెలుసు. ఏడేళ్ళు ఎక్కిన దానికి తెలీదా?

ఏడో రోజు

నూనె: సరే. బెల్టు: సరే.

ఈ బండి నలభయ్యో రోజు నుంచి దాలమ్మకి. అసిరి కంటే నాలుగేళ్ళు పెద్దది, పెళ్ళయింది, నోరు పెద్దది. ఇప్పటిదాకా వాళ్ళ మామ బండిలో రెండో డ్రైవరుగా వెళ్ళేది. వచ్చి నా భుజం మీంచి పుస్తకంలోకి చూసింది.

"పిన్నీ, నీ రాత సూస్తే ఇసకలో పీత పరిగెట్టినట్టుంది."

"నీకు సదవడం వస్తాదేటి?"

"పీత ఎటెల్లిందో ఆ మాత్రం కనిపెట్టలేనేటి?"

నవ్వాలో తిట్టాలో తెలీలేదు. అది నా చేతిలో పీచు లాక్కుని కాసేపు తానే కడిగింది. తర్వాత మెల్లిగా అంది, "నీ కూతురి బండి నాకొద్దని సెప్పాను పిన్నీ. వొద్దంటే మా ఇంటి వంతు కూడా ఆపేస్తారట."

తొమ్మిదో రోజు

సీటు సందులో అసిరి దువ్వెన దొరికింది. వెంట్రుకలు ఉన్నాయి. ఇవాళ ఇంకేమీ రాయను.

పన్నెండో రోజు

నూనె: సరే. బెల్టు: ఇది రాయాలి.

షెడ్డు గోడకి మేకుకి పాత బెల్టులు వేలాడుతుంటాయి. ఈ బండివి మూడున్నాయి, ఒక్కోదాని మీద సున్నంతో పదకొండు అని రాసుంది. తుడుస్తూ ఊరికే కొలిచాను. నాకు ఏది దొరికినా జానతో కొలవడం అలవాటు, చిన్నప్పుడు పూలమాలలు అలాగే కొలిచి అమ్మేదాన్ని. రెండు బెల్టులు పది జానలున్నాయి. మూడోది, తెగినది, తొమ్మిది. ఇప్పుడు బండికి వేసిన కొత్తది కూడా తొమ్మిదే.

గవరయ్య మేస్త్రి టీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి, చేతివేళ్ళు రెండు లేవు.

"అన్నా, బెల్టు ఎందుకు పొట్టిదైపోనాది?"

"పుల్లీ సిన్నది యేసాం."

"ఎందుకూ?"

టీ గ్లాసులోకే చూస్తూ చెప్పాడు. రోటర్లు అరిగిపోతే వాటి సందుల్లోంచి గాలి వెనక్కి జారిపోతుందట. గాలి తగ్గితే బండి ఎక్కదు. చిన్న పుల్లీ వేస్తే పెట్టె ఇంకా వేగంగా తిరుగుతుంది, తగ్గిన గాలి సరిపోతుంది.

"అయితే ముసిలిదానికి నడవడం రావట్లేదని లగెత్తించారన్నమాట."

"అలగే అనుకో."

"ఎప్పుడేసారు?"

"రెండున్నరేళ్ళు." గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. సగం టీ అలాగే ఉంది.

పదమూడో రోజు

రెండున్నరేళ్ళు అన్నప్పటి నుంచీ ఒకటే జ్ఞాపకం వస్తోంది. అసిరి అన్నం తింటూ, "అమ్మా, ఊదుడుపెట్టె ఈ మజ్జ ఏడస్తంది. ఎక్కుడులో సన్నగా కూత పెడతంది" అంది. నేనేమన్నాను? బండిని ఏడుస్తంది అనకూడదు, తప్పు, లెంపలేసుకో అన్నాను. ఎడమ చేత్తో లెంపలేసుకుంది, కుడి చెయ్యి ఎంగిలి. మర్నాడు బండికి నిమ్మకాయలు కట్టాను.

కూత పెడుతుంటే నిమ్మకాయలు కట్టాను.

పదిహేడో రోజు

నూనె: సరే. బెల్టు: సరే.

ఊపిరి సీసాల గురించి రాయాలి. ఇంజన్ నూనె వేరు, ఊదుడుపెట్టె నూనె వేరు. పెట్టెలో నూనె ఎంతో పట్టదు, ఒక మందు సీసాడు. ఆరు నెలలకోసారి దాన్ని తీసి కొత్తది పోస్తారు. తీసిన నూనె బండి ఊపిరి అంటారు. డ్రైవరు దాన్ని సీసాలో ఇంటికి తెస్తుంది. తల్లో, అత్తో సీసా కింది సగానికి పసుపు గుడ్డ చుట్టి, మూతకి కుంకం బొట్టు పెట్టి గూట్లో నిలబెడుతుంది. ఆ తర్వాత దాన్ని ఒంచకూడదు, తిప్పకూడదు. సీసా తిరగబడితే బండి తిరగబడుతుందని.

ఇది మా వీధిలో ఎంత పట్టింపంటే, ఎదురింటి సీసాని పిల్లి దొర్లించిందని ఆ ఇంటి డ్రైవరు మూడు రోజులు బండెక్కలేదు. ఆఫీసు కూడా ఏమీ అనలేదు.

నా గూట్లో పధ్నాలుగు సీసాలున్నాయి. ఏడేళ్ళవి. శుక్రవారం శుక్రవారం కదపకుండా తుడిచాను. ఒక్క సీసా ఒంగలేదు. బండి మాత్రం తిరగబడింది.

పధ్నాలుగోది తెచ్చింది చచ్చిపోవడానికి నెల ముందు. గుమ్మంలోనే అంది, "ఏటో బరువుగా ఉందమ్మా. ఒక్కపాలి తిప్పి సూద్దునా?"

దాని చేతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను.

పద్దెనిమిదో రోజు

విప్పాను.

పొద్దున్నే తలుపేసుకుని పధ్నాలుగూ నేల మీద వరసగా పెట్టాను. పసుపు గుడ్డ ముళ్ళు గట్టిపడిపోయాయి. ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. చచ్చిపోయిన దానికి ఇంకేం తిరగబడుతుంది అని పైకే అనుకుని పళ్ళతో లాగాను.

మొదటి ఎనిమిదీ అడుగు దాకా తేనెలా ఉన్నాయి. తొమ్మిదో దాని అడుగున సన్నగా వెండి గీత. పదోది, పదకొండోది, ఒకదాని కంటే ఒకటి మందం. పదమూడో దానికి గోరంత మందం. ఒంచితే తడి ముగ్గుపిండిలా జారింది. పధ్నాలుగో దాంట్లో నూకంత ముక్కలు, సీసా గోడకి కొట్టుకుని చప్పుడు చేశాయి.

పగిలిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం బండి సొరుగులో ఉంటే తెచ్చుకున్నాను. సీసా పక్కన పెడితే ఆ మెరుపు కదిలి దాని వెంట వచ్చింది. ఇనుము. బండి రెండున్నరేళ్ళ నుంచీ తన ఒళ్ళు తానే అరగదీసుకుని నా గూట్లో పోసింది. నేను దానికి పసుపు గుడ్డ కట్టి దాచిపెట్టాను.

చేతులు మూడుసార్లు కడిగాను. నా చేతులే నాకు అసహ్యంగా ఉన్నాయి.

పంతొమ్మిదో రోజు

రెండు సీసాలు కొంగులో పెట్టుకుని వెళ్ళి గవరయ్య మేస్త్రికి చూపించాను. ఒంచినందుకు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పాత టైరు మీద కూచుని ఒక్కోటీ తిప్పి చూశాడు.

"బేరింగు గుండ్లు ఇవి. గుండ్లు అరిగిపోతే రోటరు ఊగుతాది. ఆ రోజు ఎక్కుడులో వేడికి బిగుసుకుపోనాది. పెట్టె తిరగలేదు, బెల్టు తెగింది, ఇంజన్‌కి గాలి లేదు. ఇంజన్ ఆగితే బ్రేకుకీ గాలి లేదు. నీ గుంట అసిరి గేరు ముట్టుకోలేదే."

"మరి ఆ ముక్క ఆ రోజే ఎందుకు సెప్పలేదు?"

"సల్లారాక సేత్తో తిప్పితే తిరిగింది. తిరిగింది కదాని మళ్ళీ బిగించీమన్నారు. బిగించీసాను." తలెత్తలేదు. "బేరింగులు మార్చాలని మూడుసార్లు అడిగానే తవిటమ్మా. ఎక్కడున్నాయి అన్నారు."

"ఎక్కడా లేవేటి?"

షెడ్డు అవతలికి చెయ్యి చూపించాడు. అక్కడ రేకుల పందిరి కింద, సిమెంటు దిమ్మ మీద మొదటి బండి ఉంటుంది. మా డిపోలో కొండెక్కిన మొట్టమొదటి బండి. ముప్పై ఏళ్ళుగా కదల్లేదు, దండలు వేస్తారు, పెళ్ళి జంటలు చుట్టూ తిరుగుతారు. దాని ఊదుడుపెట్టెలో బేరింగులు ఇదే కొలతట. ఆ బండి అంతా కలిపి తిరిగింది ఏడాదేనట, అందుకని అవి అరగలేదట.

లేస్తూ ఇంకో మాట చెప్పాడు. ఇదే నన్ను చంపింది. "మా గురువు రోజుల్లో సీసాలు సూసుకోడానికే పెట్టీవోరు. ప్రెతీ సీసా తిప్పి, ఎలుతురుకి పెట్టి, పాత దాంతో పోల్చీవోరు. తిప్పకూడదని ఎవరన్నారో, ఎప్పుడన్నారో నాకు తెల్దు. దుమ్ము రేగకుండా కదపకండి అన్నుంటారు. జనం అలగ పట్టుకున్నారు."

ఇరవై ఆరో రోజు

నూనె: సరే. బెల్టు: పొట్టి. లోపాలు: ఉన్నాయి.

ఈ మాట రాసినందుకు ఆఫీసుకి పిలిచారు. అయితే చదువుతారన్నమాట.

కూర్మారావు బాబు బల్ల మీద సీసా పెట్టాను. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"విప్పావా? తప్పు కదూ?"

"అడుగు సూడండి బాబూ."

దూరం నుంచే చూశాడు. "కుంకం. నువ్వు పెట్టిన బొట్టే లోపల పడుంటుంది."

"కుంకం ఎర్రగుంటాది బాబూ."

"పాతబడితే రంగు మారుతుంది."

"అయస్కాంతానికి అంటుకుంటాదేటి?"

మొదటి బండి బేరింగుల మాట ఎత్తాను. "దేవుడి లాంటి బండి. దాని పొట్ట కోయమంటావా?" అన్నాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, సీసా ముట్టుకోకపోయినా. "చూడు, నలభయ్యో రోజు పుస్తకంలో లోపాలు లేవు అని రాయి, తాళం ఇయ్యి, నీ రెండు బిందెలు నువ్వు తీసుకో. ఇంకో మాట. సీసా తిప్పానని ఎవరికీ చెప్పకు. డ్రైవర్లు బెదిరిపోతారు."

ఈ ఆఫీసులో ఎవరికీ ఇనుము అంటే భయం లేదు. సీసా అంటే భయం. వస్తూ వస్తూ గేటు దగ్గర ఉమ్మేశాను. కాపలావాడు చూసినా లెక్క చెయ్యలేదు.

ముప్పయ్యో రోజు

దాలమ్మకి అంతా చెప్పాను. అది జోకులేస్తుందనుకున్నాను. బండి మెట్టు మీద కూచుని గోళ్ళలో మురికి తీసుకుంటూ ఉండిపోయింది.

"ఎన్ని ట్రిప్పులు ఆగుతాది పిన్నీ?"

"మేస్త్రికీ తెల్దు. ఒకటి కావచ్చు, వంద కావచ్చు."

"నా కొడుక్కి మూడేళ్ళు." లేచింది. "వంతు ఆపేస్తే ఆడికి ఉప్పునీళ్ళు పట్టాలి. బండెక్కితే... ఎక్కుతాను పిన్నీ, ఏటి సేస్తాను. నువ్వేమీ అనుకోకు."

నన్ను ఓదారుస్తోంది అది.

ముప్పై మూడో రోజు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ ముస్తాబు. బండిని కొత్త మనిషికి ఇవ్వడానికి వారం ముందు బానెట్టు ఎత్తి, ముందు తెల్లగుడ్డ పరిచి, ఇంజన్‌కి దండలు వేస్తారు. డ్రైవర్లూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ అందరూ వస్తారు. చచ్చిపోయిన డ్రైవరు సీసాలన్నీ తల్లి తెచ్చి ఆ గుడ్డ మీద వరసగా నిలబెట్టాలి. తర్వాత సముద్రంలో కలుపుతారు.

మళ్ళీ పసుపు గుడ్డలు చుట్టిన పధ్నాలుగు సీసాలు బుట్టలో నిటారుగా పెట్టుకుని తీసుకొచ్చాను. జనం దారిచ్చారు. ఒకామె నా పాదాలకి కాదు, బుట్టకి దణ్ణం పెట్టింది. ఇంజన్ మీద మల్లెపూలు. కింద చేప కొవ్వు కంపు, పైన మల్లెల వాసన. నా కూతురి శవం మీద ఇన్ని పూలు వెయ్యలేదు.

మొదటి సీసా మూత తీసి గుడ్డ మీద బోర్లించాను.

ఆడవాళ్ళు కేక పెట్టారు. రెండోది బోర్లించాను. ఎవరో నా రెక్క పట్టుకుంటే విదిలించుకున్నాను. ఎనిమిది మరకలు, తేనె రంగు. తొమ్మిదోది మెరిసింది. పది. పదకొండు. పధ్నాలుగోది బోర్లిస్తే నూకలు రాలాయి.

"సూడండి!" అన్నాను. "ఇది నా కూతుర్ని తిన్నది. సూడండి, ఇది ఇనుము!"

ఎవరూ గుడ్డ వైపు చూడలేదు. నా వైపు చూశారు. పిల్లల కళ్ళు మూశారు. దాలమ్మ అత్త బంగారమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, నా కోడలి బండి తిప్పీసింది! పధ్నాలుగుసార్లు తిప్పీసింది!"

దాలమ్మ ఒక్కతే వంగి, వేలితో ఆ మెరుపు తీసుకుని, బొటనవేలికి రాసి చూసుకుంది. గరుకు తగిలిందేమో, మొహం మారింది.

వెనక నుంచి ఒక డ్రైవరు తన బండి తాళం తీసి తెల్లగుడ్డ మీద పడేశాడు. "ఈ దోషం పోయేదాకా నాను బండెక్కను." ఇంకొకడు పడేశాడు. ఇంకొకామె. కూర్మారావు బాబు చేతులూపుతూ ఏదేదో అరిచాడు. పంతొమ్మిది తాళాలు నా కూతురి బండి అరిగిన ఇనుములో పడ్డాయి.

ముప్పై ఐదో రోజు

రెండు రోజులుగా ఒక్క బండీ కదల్లేదు. పైన ఊళ్ళ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అక్కడా పిల్లలున్నారని నాకు తెలుసు.

కూర్మారావు బాబు మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు, సీసాలు పెట్టిన గూడు కనబడుతుందని భయం. గవరయ్య మేస్త్రిని పట్టుకొచ్చాడు.

"పెద్దవాడివి, నువ్వే చెప్పు. ఏం చేస్తే ఈ దోషం పోతుంది?"

మేస్త్రి నేల చూపులు చూస్తూ, నెమ్మదిగా, పూజారి చెప్పినట్టు చెప్పాడు. "మొదటి బండి ఊపిరి ఈ బండికి పొయ్యాల బాబూ. దాని పెట్టిలో గుండ్లు తీసి దీన్లో పెడితే, పెద్దబండి సల్లదనం దీనికి వొస్తాది."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా!"

మూడుసార్లు చెప్పిన మనిషి తల ఊపాడు. పెరట్లోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇనుము చూపిస్తే కుంకం అన్నారు. ఊపిరి అంటే కొబ్బరికాయలు తెమ్మన్నారు.

ముప్పై ఆరో రోజు

ఊదుడుపెట్టె: విప్పాం.

బ్యాండు మేళం పెట్టి మొదటి బండి పెట్టె దించారు. గవరయ్య మేస్త్రి దాని బేరింగుల్లో ఎండిపోయిన గ్రీజు కడిగి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. నాకూ వినిపించాడు. ఏ చప్పుడూ లేదు. మంచి బేరింగు అంటే అదే అన్నాడు.

తర్వాత పదకొండో బండిది తీశాడు. రోటర్ల మీద గోళ్ళతో రక్కినట్టు గీతలు. బేరింగు నా అరచేతిలో పెట్టాడు. నిమ్మకాయంత ఉంది. గుండ్లకి మశూచి మచ్చల్లా గుంటలు. తిప్పితే గరగరమంది. ఏడుస్తోంది అని అసిరి చెప్పింది దీని గురించే. దాని మీద ఉమ్మేసి గుడ్డలో కట్టుకున్నాను. ఇది సముద్రంలో కలపను.

పెద్ద పుల్లీ మళ్ళీ వేశాం. బెల్టు: పది జానలు. రోటర్లు అరిగినవే కాబట్టి గాలి తక్కువే. ఆరువేల లీటర్లు కాదు, నాలుగున్నర వేలే ఎక్కించాలని మేస్త్రి అన్నాడు. కూర్మారావు బాబు మొహం మాడ్చాడు గానీ, ఊపిరికి ఎదురు చెప్పలేకపోయాడు.

ముప్పై తొమ్మిదో రోజు

రెండు రోజులు ఇంజన్‌ని షెడ్డులోనే నడిపి, పెట్టె నూనె తీసేసి కొత్తది పోశాం. తీసిన నూనె సీసాలో పట్టి దాలమ్మకి ఇచ్చారు. కూత లేదు.

నలభయ్యో రోజు

కూర్మారావు బాబు పెన్ను ఇచ్చి, లోపాలు లేవు అని రాయమన్నాడు. నేను ఇలా రాశాను, ఆయన ముందే:

లోపాలు: రోటర్లు అరిగాయి. చిన్న పుల్లీ మళ్ళీ వెయ్యకూడదు. బేరింగులు చెడిపోయి బండి ఆగింది. అసిరి గేరు మార్చలేదు. ఆఫీసు కాగితం అబద్ధం.

"కొట్టెయ్" అన్నాడు.

"కొట్టీను. తాళం నా సేతిలో ఉంది. నాను ఇస్తేనే కదా మైల పోయీది?"

బయట ఇరవై మంది చూస్తున్నారు. స్టాంపు కొట్టాడు. నా బిందెల కాగితం మాత్రం బల్ల సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. పైవాళ్ళని అడిగి చెప్తాడట. కాగితం మీద డ్రైవరు తప్పు అన్నది అలాగే ఉంటుందట. ఉండనీ. ఇదీ ఉంటుంది.

తాళం దాలమ్మ చేతిలో పెట్టాను. అది నా చెయ్యి వదల్లేదు కాసేపు. "పుస్తకం నాను సదూతాను పిన్నీ. పీతలన్నీ సదూతాను." ఎక్కి కూచుంది.

కొండ మొదట్లో నిలబడి విన్నాను. గాలి కుక్కే చప్పుడు ఒక్కో మలుపుకీ పైకి వెళ్ళింది. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను. ముప్పై దగ్గర వేలు ఆగిపోయింది. చప్పుడు ఆగలేదు. ముప్పై రెండు. ముప్పై మూడు. అప్పుడు కూచున్నాను.

తిరిగొస్తూ దాలమ్మ ఇంటికి వెళ్ళాను. బంగారమ్మ గూట్లో కొత్త సీసా నిలబెట్టి ఉంది. అడుగున అప్పుడే పసుపు గుడ్డ చుట్టేసింది, ముడి మీద ముడి. నేను చెయ్యి చాపగానే అడ్డం పడింది.

"ఒలే, నీకు దణ్ణం పెడతాను, ఒగ్గీ, ముట్టుకోకు!"

ఆమెని పక్కకి నెట్టి గుడ్డ లాగేశాను. సీసాని తలకిందులు చేసి గుమ్మంలో ఎండకి పెట్టాను. తేనె రంగు. అడుగున ఏమీ లేదు. ఇంకోసారి తిప్పాను. ఏమీ లేదు. బంగారమ్మ వీధి వీధంతా వినబడేలా నన్ను తిట్టింది, నా కూతుర్ని కూడా కలిపి తిట్టింది. సీసా గూట్లో పెట్టేసి, గుడ్డ నాతో తెచ్చేసుకున్నాను.

ఆరు నెలలకి ఇంకో సీసా వస్తుంది. అప్పుడూ వెళ్ళి తిప్పుతాను.